మిరపకాయ బజ్జీల బోర్డు

మా కాలనీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు సాయంత్రం కనిపిస్తే, "అంకుల్, మీరు కంప్యూటర్ భద్రత చూసేవారట కదా, ఏదైనా పెద్ద కేసు పట్టుకున్నారా?" అని అడుగుతుంటారు. పట్టుకున్నవి ఉన్నాయి. అవి చెబితే నన్ను నేను పొగుడుకున్నట్టుంటుంది, మీకూ పనికిరావు. చేతిదాకా వచ్చినా పట్టుకోలేకపోయింది ఒకటుంది. అది చెబుతాను.

నా సర్వీసులో చివరి తొమ్మిదేళ్లు శంషాబాద్ విమానాశ్రయం పక్కన ఒక సరుకు రవాణా కంపెనీలో గడిచాయి. సరుకంటే ఎక్కువగా మందుల పెట్టెలు. లారీల్లో వస్తాయి, చల్లగదిలో ఆగుతాయి, కాగితాలు తయారు కాగానే విమానం ఎక్కుతాయి. నేను ఏనాడూ పెట్టె ముట్టుకోలేదు. కంప్యూటర్ల సెక్షన్ ఇన్‌ఛార్జిని. సెక్షన్ అన్నాను గదా అని పదిమందిని ఊహించుకోకండి. నేను, ఒక గది, పనిచేసీ చేయని ఒక ఏసీ, అంతే. రావిర్యాల నుంచి స్కూటర్ మీద వచ్చేవాణ్ని. ఉదయం తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే మళ్లీ సాయంత్రం దాకా, "సార్, ప్రింటర్ వస్తలేదు", "సార్, పాస్‌వర్డ్ మర్చిపోయిన" అనే కేకల మధ్య బతుకు. నాకు కోపం తొందరగా వచ్చేది. పాస్‌వర్డ్ మర్చిపోయినవాణ్ని ఐదు నిమిషాలు తిట్టి, అర నిమిషంలో కొత్తది ఇచ్చేవాణ్ని.

ఇట్లా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దొంగ మెయిళ్లను గుర్తుపట్టడం ఉద్యోగులందరికీ నేర్పమన్నారు. ఫిషింగ్ అంటారు దాన్ని. తెలిసిన షాపింగ్ సైటు పేరుతోనో, ఇంకెవరి పేరుతోనో మెయిల్ వస్తుంది. లింకు నొక్కితే అచ్చం అసలు సైటులాంటి పేజీ తెరుచుకుంటుంది. అందులో మీ పాస్‌వర్డ్ కొడితే అది నేరుగా దొంగ చేతికి పోతుంది. నేర్పే పద్ధతి ఏమిటంటే, నెలకోసారి నేనే ఒక ఉత్తుత్తి దొంగ మెయిల్ తయారుచేసి అందరికీ పంపాలి. ఎవరు లింకు నొక్కారో నాకు తెలుస్తుంది. వాళ్లను పిలిచి నెమ్మదిగా చెప్పాలి. ఉత్తర్వులో ఉన్నది అంతే. మిగతాదంతా నా సొంత కవిత్వం.

క్యాంటీన్ గుమ్మం పక్కన ఒక తెల్ల బోర్డు పెట్టించాను. పైన "ఈ నెల పడినవాళ్లు" అని ఎర్ర పెన్నుతో రాసి, కింద పేర్లు రాసేవాణ్ని. సంతకం కూడా నాదే. లోడింగ్ సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. సాతంరాయి మనిషి, నోరు విప్పితే నవ్వించేవాడు. బోర్డులో పేరు ఎక్కినవాళ్లు షిఫ్టుకంతటికీ మిరపకాయ బజ్జీలు తేవాలని ఆయన పెట్టాడు రూలు. హైవే పక్కన వాళ్ల ఊరి దగ్గర ఒక బండి ఉండేది, అక్కడివే కావాలి. మూడో నెలకల్లా నా పరీక్ష మా ఆఫీసుకొక పండగైంది. మెయిల్ వచ్చిన రోజు గుర్తుపట్టినవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని కళ్లతోనే నవ్వుకునేవాళ్లు, నోరు మెదిపేవాళ్లు కాదు. ఎవరు పడతారా అని సాయంత్రం దాకా కాచుకుని కూర్చునేవాళ్లు. అదంతా నా గొప్పతనం అనుకుని నేను మీసం దువ్వుకునేవాణ్ని.

గుర్తుపట్టడం బాగానే నేర్పాను, అబద్ధమెందుకు. పంపినవాడి పేరు కాదు, పేరు వెనుక ఉన్న పూర్తి అడ్రసు చూడమనేవాణ్ని. ఇప్పుడే, ఈ గంటలోనే అని తొందరపెడుతున్నాడంటే అనుమానించమనేవాణ్ని. లింకు ముట్టుకోకుండా ఆ షాపింగ్ యాప్‌ను మీరే విడిగా తెరిచి చూసుకోండి, నిజంగా ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుందని చెప్పేవాణ్ని. ఆఖరున, "గుర్తుపడితే నాకు చెప్పుండ్రి" అని కూడా అనేవాణ్ని. ఏడాదిన్నరలో ఒక్కరూ చెప్పలేదు. ఎందుకు చెప్పడం లేదని ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

ఇక్కడ మీకు మా గేటు సంగతి చెప్పాలి. సరుకుల ఆవరణలోకి పాసు లేని మనిషి రాకూడదు. షాపింగ్ సైట్ల పార్శిళ్లు తెచ్చే కుర్రాళ్లు బయటి గేటు దగ్గరే ఆగిపోవాలి. మా వాళ్లలో చాలామందివి చుట్టుపక్కల ఊళ్లు, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకని అందరూ ఆఫీసు అడ్రసే ఇచ్చేవాళ్లు, దాంతోపాటు ఆఫీసు మెయిలే ఇచ్చేవాళ్లు. పార్శిల్ గేటు గదిలో పడి ఉండటం, అడ్రసు చాలలేదని తిరిగి వెళ్లిపోవడం మాకు రోజూ ఉండే తలనొప్పి. "మీ పార్శిల్ ఆగిపోయింది" అన్న మాట ఇంకెక్కడైనా ఉత్త మాటేమో గానీ, మా దగ్గర నూటికి నూరుపాళ్లూ నమ్మదగ్గ మాట.

ఆ రోజు ఉదయం పది గంటలకు క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నాను. సాతంరాయి సూపర్‌వైజర్ గ్లాసు పట్టుకుని పక్కకొచ్చి, కన్ను కొట్టాడు.

"ఈపాలి పార్శిల్ మీద పడ్డరా సార్? మస్తుగ చేసిన్రు."

నాకేమీ అర్థం కాలేదు. ఆ నెల మెయిల్ నేనింకా పంపలేదు. ఏంది పార్శిల్ అని అడిగితే అయిపోయేది. ఒక్క మాట. కానీ పక్కన నలుగురున్నారు, ఆయన నన్ను పొగుడుతున్నాడు. తెలియదని ఎట్లా అంటాను? అంతా తెలిసినవాడిలా ఒక నవ్వు నవ్వి, చాయ్ తాగేసి వచ్చేశాను. సీట్లో కూర్చున్నాక ఎవరిదో ప్రింటర్ ఆగిపోయింది. ఆ మాట మర్చిపోయాను.

కాగితాల సెక్షన్‌లో మంఖాల్ నుంచి వచ్చే ఒకామె పనిచేసేది. ముప్పై అయిదేళ్లుంటాయి. మందుల పెట్టెలకు కావలసిన పత్రాలన్నీ ఆమె చేతిమీదుగానే సరుకు బుక్ చేసే ఏజెంట్లకు మెయిల్‌లో వెళ్లేవి, తప్పు దొర్లేది కాదు. భర్తకు వెన్నులో దెబ్బ తగిలి పనికి పోవడం మానేశాడు. ఇద్దరు పిల్లలు. ఆ ఇల్లు ఈమె ఉద్యోగం మీద నిలబడి ఉంది, ఆ ఉద్యోగమేమో ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. పొడిగింపు కాగితం ఆ నెలలోనే రావాలి. ఆదివారం చర్చిలో పిల్లల పాటలున్నాయి, ఆమె బిడ్డ ముందు వరసలో నిలబడి పాడాలి, దానికి తెల్లబూట్లు కావాలి. నాలుగు రోజుల కిందట షాపింగ్ సైటులో తెప్పించింది. గేటు దగ్గరికి వెళ్లి రోజుకు రెండుసార్లు అడిగి వస్తోంది. ఇదంతా నాకు ఆ తర్వాత తెలిసింది. అప్పటికి ఆమె నాకు ఏమిటంటే, పాస్‌వర్డ్ మర్చిపోని మనిషి.

మధ్యాహ్నం అటు వెళుతుంటే ఆమె టిఫిన్ డబ్బా మూత తీయకుండా ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఏందమ్మా, తినలేదా?" అన్నాను.

"ఏం లేదు సార్," అంది.

మూడు గంటలకు నా గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది. 

"సార్, నేనొక లింకు నొక్కిన. పార్శిల్ ఆగిందని వచ్చింది. పాస్‌వర్డ్ గూడ కొట్టిన. ఆఫీసు మెయిల్‌కున్నదే కొట్టిన సార్, రెండిటికీ ఒక్కటే పెట్టుకున్న. ఇప్పుడు ఒక ఏజెంట్ ఫోన్ చేసిండు. మేడమ్, మీరు పార్శిల్ లింకు పంపిన్రు ఏంది అని అడుగుతుండు. నేనేం పంపలేదు సార్. నా పేరు మీద పోతున్నయి."

 అది నా మెయిల్ కాదు. నిజమైన దొంగ. ఆమె మెయిల్‌లోకి వచ్చి కూర్చుని, ఆమె పేరుతో మా ఏజెంట్లకూ, మందుల కంపెనీలకూ అదే వల విసురుతున్నాడు. ఆ క్షణంలో నేను అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నేను అడిగింది ఇంకొకటి.

"ఎందుకు నొక్కినవ్? ఏడాదిన్నర సంది మొత్తుకుంటున్న గద. ఎందుకు నొక్కినవ్?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికెవరి దగ్గరైనా జవాబుంటుందా, మీరే చెప్పండి. బిడ్డ బూట్ల కోసం నొక్కింది. ఇంకెందుకు నొక్కుతుంది?

ఆ తర్వాత అడిగాను, ఎప్పుడు అని. పదకొండింటికట. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో దొంగ ఎంతమందికి రాశాడో చూస్తే జాబితాకు తెర చాలలేదు. పదకొండుంబావుకు ఆమె వచ్చి ఉంటే రెండు నిమిషాల పని. పాస్‌వర్డ్ మార్చి, ఆ మెయిల్ తెరిచి ఉన్న చోటల్లా మూసేస్తే దొంగ బయట.

"జెప్పున రావద్దా అమ్మా," అన్నాను.

"తప్పు చేసిన్నని నొక్కంగనే సమజైంది సార్. పేజీ మళ్ల అదే అడిగింది, అప్పుడే డౌట్ కొట్టింది. లేచి వద్దామనుకున్న. బోర్డు మీద పేరు రాస్తరు గద. ఈ నెలల కాంట్రాక్ట్ కాగితం రావాలె. పేరు జూస్తే ఏమంటరో అని కూసున్న. ఇప్పుడు వేరేటోళ్లు నా మూలంగ నొక్కుతరని వచ్చిన. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

ఇగ ఆలోచించడానికి టైం లేదు. పాస్‌వర్డ్ మార్చాం. దొంగను బయటికి నెట్టాం. మెయిల్ వెళ్లిన ప్రతి ఏజెంటుకూ ఫోన్ చేయాలి. సాయంత్రం విమానానికి వెళ్లాల్సిన మందుల పెట్టెలు చల్లగదిలో ఉన్నాయి. ఏజెంట్లు భయపడి మా మెయిళ్లు ఆపేస్తే పత్రాలు వెళ్లవు, పత్రాలు వెళ్లకపోతే పెట్టెలు కదలవు. నేను ఒక ఫోన్, ఆమె ఒక ఫోన్ పట్టుకున్నాం. ఆమె నేను చెప్పమన్నట్టు చెప్పలేదు. సాంకేతిక కారణాల వల్ల అని నేను రాసిచ్చిన కాగితం పక్కన పెట్టేసింది. "అన్నా, నేనే మాట్లాడుతున్న. నాది తప్పైంది, దొంగ మెయిల్ నొక్కిన. నా పేరు మీద వచ్చింది ముట్టకుండ్రి. ముడితే పాస్‌వర్డ్ మార్చుకోండ్రి" అని ఒక్కొక్కళ్లకూ చెప్పింది. విన్నవాళ్లు వెంటనే నమ్మారు. ఇద్దరైతే, "మంచిగ చెప్పినవ్ చెల్లె, మేం ఇప్పుడే నొక్కినం" అన్నారు.

మధ్యలో లోడింగ్ వైపు పరుగెత్తి, సాతంరాయి సూపర్‌వైజర్‌ను, "పొద్దుగాల పార్శిల్ అన్నవ్, నీకు గూడ మెయిల్ వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది సార్. ఆఫీసు మెయిలిచ్చి పార్శిళ్లు తెప్పిచ్చుకునేటోళ్లందరికొచ్చింది. నేను పొద్దుగాలనే పట్టిన, అడ్రసు తేడా ఉండె. మా బేచంతా పట్టిన్రు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీదే గదా సార్."

"నాది కాదు."

ఆయన ముఖంలో నవ్వు ఒక్కసారిగా పోయింది. కాసేపు చేతి గ్లౌజు తీస్తూ తొడుగుతూ నిలబడ్డాడు.

"చెప్తే అందరికి తెలుస్తది గదా సార్. ఇగ బజ్జీలెవరు తెస్తరని..." అని ఆపేశాడు.

ఆ రోజు పెట్టెలు వెళ్లాయి. విమానం మా రేకుల మీదుగా లేచిన చప్పుడు విని ఆమె డబ్బా తీసి, చల్లారిపోయిన అన్నం అక్కడే నిలబడి తింది.

మర్నాడు మేనేజర్ గారు పిలిచారు. ఆయన గోదావరి వైపు మనిషి. కోపంలో కూడా మర్యాద వదలడు, అందుకే ఆయన కోపమంటే నాకు ఎక్కువ భయం. నేను రాసిన రిపోర్టు ఆయన ముందుంది. అందులో పదకొండు గంటలుంది, మూడు గంటలుంది. పది గంటలు లేదు. ముందురోజు సాయంత్రం రాస్తూ పది గంటల చాయ్ దగ్గర పెన్ను ఆగింది. ఆ నవ్వు సంగతి మేనేజర్ గారికి ఎవరు చెబుతారు? నేను తప్ప ఎవరూ చెప్పరు. రాయలేదు.

"ఆవిడ కాంట్రాక్టు పొడిగించడం కుదరదండి," అన్నారు ఆయన. "నొక్కడం పొరపాటే అనుకుందాం. నాలుగు గంటలు దాచారు కదా. దాన్నేమంటారు మీరు?"

నిజం చెబుతున్నాను, అవును సార్ అని లేచి వచ్చేద్దామనే అనిపించింది ముందు. నాకింకా మూడేళ్ల సర్వీసుంది. అంతలో ఆమె ఫోన్‌లో అన్న మాట గుర్తొచ్చింది. నాది తప్పైంది అని ముక్కూ మొహం తెలియని ఏజెంట్లకు పదేపదే చెప్పిన మనిషి. నేను ఒక్కరికి, ఒక్కసారి చెప్పలేనా?

"దాచింది నిజమే సార్. దాచేటట్టు చేసింది నా బోర్డు. ఇంకొకటి ఉన్నది, రిపోర్టుల రాయలేదు. పొద్దున పది గంటలకే నాకు ఆ మెయిల్ సంగతి చెప్పిన్రు. ఆమె నొక్కకముందే."

ఆయన తలెత్తారు. "చెప్తే మీరేం చేశారండి?"

"నవ్విన."

"ఏమిటి?"

"నాకు తెల్వదని చెప్పనీకి నామోషీ అయింది సార్. తెలిసినట్టు నవ్విన. అప్పుడే ఏంది అని అడిగుంటే ఆమె దాక పోకపోవు."

 సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి. కానీ నోరు తెరిచాక ఆగడం నాకెప్పుడూ చేతకాదు.

"ఏడాదిన్నరల ఇంతమందిల నా గదికొచ్చి, గిట్లయింది అని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. మొదలు చెప్పిన మనిషిని పంపిచ్చేస్తే, రేపు రెండో మనిషి ఎట్ల వస్తడు సార్? ఎవరు నొక్కినా ఇగ చెప్పరు. పంపాలంటే నన్ను పంపుండ్రి, నేను చూసుకోవాల్సినోణ్ని."

 ఆయన రిపోర్టు నా వైపు తోసి, "పది గంటల సంగతి కూడా ఇందులో చేర్చి మళ్లీ ఇవ్వండి. నేను ఆలోచిస్తాను," అన్నారు. చేర్చి ఇచ్చాను. వారం తర్వాత నాకు మెమో వచ్చింది. ఆమెకు పొడిగింపు కాగితం వచ్చింది. నా సర్వీసులో అందిన మెమోలన్నిటిలో నాకు బాధ కలిగించనిది అదొక్కటే. బీరువాలో ఇంకా ఉంది.

బూట్లంటారా, శనివారం గేటు గదిలో దొరికాయి. అసలు యాప్ తెరిచి చూస్తే మూడు రోజుల కిందటే చేరినట్టుంది. గేటు మనిషి వాటిని వేరే మూటల కింద పెట్టి మర్చిపోయాడు. ఎవరి మీదా కోపం చేసుకునే హక్కు ఆ వారం నాకు లేదు గనుక ఊరుకున్నాను.

బోర్డు నా చేతులతో నేనే దించాను. మేకుల గుర్తులు చాలాకాలం ఉన్నాయి. పరీక్ష మెయిళ్లు మానలేదు గానీ రూలు తిరగేశాం. అనుమానం వచ్చిన మెయిల్‌ను మొదట నాకు పంపినవాళ్ల సెక్షన్‌కు బజ్జీలు, తెచ్చేది కంప్యూటర్ల సెక్షన్, అంటే నేను. ఇంక చూడండి నా తిప్పలు. రోజుకు పది మెయిళ్లు నా మీద పడేవి. అసలు సైటు పంపిన అసలు మెయిళ్లు కూడా దొంగవేనని పంపేవాళ్లు. ఒకసారి సెలవుల గురించి మేనేజర్ గారు పంపిన సర్క్యులర్‌ను ఏడుగురు అనుమానించి పంపారు. "వెంటనే నింపి పంపండి, లేకపోతే సెలవు రద్దు" అని రాశారాయన. తొందరపెడుతున్నాడు సార్, మీరే చెప్పిన్రు గద అన్నాడు సాతంరాయి సూపర్‌వైజర్.  బజ్జీలు తెచ్చాను. వాటన్నిటిలో నెలకొకటో రెండో నిజం దొంగవి ఉండేవి. అవి ఎవరి చేతా నొక్కించుకోకముందే నా దగ్గరికి వచ్చేవి. నేను వాటిని ఆ షాపింగ్ సైటు వాళ్లకూ, సైబర్ ఫిర్యాదుల వాళ్లకూ పంపేవాణ్ని.

ఆ పని నేర్పడానికి మంఖాల్ ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం ఆమే చెప్పేది. "నేను నొక్కిన" అని మొదలుపెట్టేది. ఇంకెవరు చెప్పినా అంత శ్రద్ధగా వినేవాళ్లు కాదు. ఎవరైనా నొక్కి వస్తే ఏమడగాలో ఒక కాగితం మీద ఇద్దరం కలిసి రాసుకున్నాం. మొదటి ప్రశ్న, ఎప్పుడు. రెండోది, ఏమేం కొట్టావు. ఎందుకు అన్నది రాసి నేనే కొట్టేశాను. నేను రిటైరయ్యాక ఆ గది, ఆ ఏసీ ఆమెకే వచ్చాయి. ఇప్పుడు కాంట్రాక్టు కాదు, పర్మినెంటు.

మొన్నీమధ్య సంగతి చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో మిక్సీ జార్ పగిలితే నేను షాపింగ్ సైటులో కొత్తది తెప్పించాను. రెండో రోజు ఉదయం మెయిల్ వచ్చింది, మీ ఆర్డరు ఆగిపోయింది, వివరాలు సరిచూడండి అని. అద్దాలు పక్క గదిలో ఉన్నాయి. లేచి తెచ్చుకోవడానికి బద్ధకం. నొక్కాను. పాస్‌వర్డ్ కొట్టాను. పేజీ మళ్లీ అదే అడిగింది.

కుర్చీలో అట్లాగే కూర్చుండిపోయాను. వంటింట్లోంచి మా ఆవిడ చూసి, "ఏమైంది, గట్ల కూసున్నవ్?" అంది.

"ఏం లేదు," అన్నాను.

అన్నాక ఆ మాట ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. మూత తీయని టిఫిన్ డబ్బా కళ్ల ముందు కనిపించింది. అందరికీ నేర్పినవాణ్ని, రిటైరై రెండేళ్లు కాలేదు, ఎవరికి చెప్పను? ఆ సిగ్గు ఎట్లా ఉంటుందో, మనిషిని కుర్చీకి ఎట్లా అతికిస్తుందో, నేను ఆమెను ఎన్ని గంటలు దాంట్లో కూర్చోబెట్టానో అప్పుడు తెలిసింది నాకు. ఫోన్ తీసి ఆమెకే చేశాను.

"అమ్మా, నేను. ఒక లింకు నొక్కిన."

అవతల ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"ఎప్పుడు సార్?"

"పది నిమిషాలైంది."

"మంచిగ చేసిన్రు సార్, జల్ది చెప్పిన్రు. పరేషాన్ కాకుండ్రి. ఏమేం కొట్టిన్రో చెప్పుండ్రి," అంది.

చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ చెబుతూ ఉంటే, చేయి పట్టి నడిపించినట్టు, పాస్‌వర్డ్ మార్చాను, మిగతావన్నీ మూసేశాను. ఆ మెయిల్ తనకు పంపమంది, పంపాను. అంతా అయ్యాక మా ఆవిడ బాగోగులు అడిగి, బిడ్డ డిగ్రీలో చేరిందని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఎందుకు నొక్కానని మాత్రం అడగలేదు.